డకోటాని కాగితంలోకి దించడం: స్కేలు కొలతలు లెక్కగట్టే పద్ధతి

నెట్‌లో దొరికిన కాగితపు విమానం టెంప్లేట్ ప్రింట్ తీసి అతికించుకునేవాళ్లకి ఈ లెక్కలతో పెద్దగా పని లేదు. మనకి కావాల్సిన విమానం ఎక్కడా దొరక్కపోయినా, దొరికింది మన దగ్గరున్న మిగతా మోడళ్ల సైజుతో కలవకపోయినా అప్పుడు కొలతలు మనమే కట్టుకోవాలి. భయపడాల్సిన లెక్కేం కాదు, స్కూల్లో చదివిన నిష్పత్తులు, పదో తరగతి శంకువు, అంతే. కాకపోతే చాలామంది అసలు కొలతని స్కేలుతో (ఎన్నో వంతుకి చేస్తున్నామో ఆ అంకెతో) భాగించేసి పని అయిపోయిందనుకుంటారు. భాగహారం ఇందులో చిన్న ముక్క. కాగితానికి మందం ఉంటుంది, వంగితే దాని కొలత మారుతుంది, ప్రింటర్ తన ఇష్టం వచ్చినట్టు కుదిస్తుంది. ఈ మూడూ లెక్కలోకి రాకపోతే ముక్కలు ఎంత శుభ్రంగా కత్తిరించినా అతుకు దగ్గర ఒక మిల్లీమీటరు మిగులుతుంది, లేదా తగ్గుతుంది.

ఉదాహరణకి డగ్లస్ డీసీ-3 తీసుకుంటున్నాను, మనవాళ్లు డకోటా అనేది. 1935 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరింది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది ఈ విమానాలనే, 1953లో జాతీయం చేశాక ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మన ఊరి రంగులు వేసుకోవచ్చన్న సరదా ఒకటైతే, నేర్చుకోవడానికి కూడా ఇది మంచి విమానం: బాడీ దాదాపు గుండ్రం, మధ్య భాగం తిన్నగా ఉంటుంది, రెక్కలు పెద్దవి, మెలికలు తక్కువ.

ముందు కొలతలు పోగేయాలి

కావాల్సినవి రెండే: రెక్క కొస నుంచి కొసకి ఎంత, ముక్కు నుంచి తోక చివరికి ఎంత. మిగతావన్నీ ఆ విమానం డ్రాయింగ్ మీద కొలుచుకోవచ్చు.

ఇక్కడే మొదటి చిక్కు. డకోటా రెక్కల కొలత ఒకచోట 95 అడుగులని ఉంటుంది, ఇంకోచోట 95 అడుగుల 6 అంగుళాలని ఉంటుంది. రెండూ కరెక్టే. మొదటిది ప్రయాణికుల డీసీ-3, రెండోది దాని సైనిక రూపం సీ-47. పొడవు కూడా డీసీ-3కి 64 అడుగుల 5.5 అంగుళాలు, సీ-47కి 63 అడుగుల 9 అంగుళాలు. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన సీ-47లే చాలావరకు పౌర విమానాలుగా మారాయి కాబట్టి మీరు చేసేది ఏ రకమో ముందే తేల్చుకుని, ఆ రకం అంకెలే చివరిదాకా వాడండి. ఒకదాని పొడవు, ఇంకోదాని రెక్కలు కలిపారంటే డ్రాయింగ్ ఎప్పటికీ సరిపోదు, తప్పు ఎక్కడుందో కూడా తెలీదు.

పొడవు విషయంలో ఇంకో మెలిక ఉంది. మిగ్-21నే చూడండి, 2025 సెప్టెంబర్ 26న మన వాయుసేన సాగనంపిన విమానం. దాని పొడవు కొన్నిచోట్ల 14.7 మీటర్లు, కొన్నిచోట్ల 15.76 మీటర్లు. ముక్కు ముందు పొడుచుకొచ్చే పీటో గొట్టాన్ని (విమానం వేగం కొలవడానికి వాడేది) కలిపారా లేదా అన్నదే తేడా. ఏడు శాతం! గొట్టం కలిపిన అంకె తీసుకుని, డ్రాయింగ్‌లో గొట్టం వదిలేసి కొలిస్తే మోడల్ మొత్తం ఏడు శాతం ఉబ్బుతుంది. అందుకే పొడవు కన్నా రెక్కల కొలతనే నమ్మమంటాను, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పెద్దగా గొడవ ఉండదు.

ఎత్తునైతే అసలు నమ్మొద్దు. డకోటా నేల మీద తోక కింద పెట్టి, ముక్కు పైకెత్తి నిలబడుతుంది. పుస్తకాల్లో ఇచ్చే ఎత్తు చాలావరకు అలా నిలబడినప్పటిది. డ్రాయింగులేమో గాల్లో తిన్నగా ఎగురుతున్నట్టు గీస్తారు. రెండూ ఎలా కలుస్తాయి?

అన్నీ మిల్లీమీటర్లలోకి మార్చేయండి. ఒక అడుగు 304.8 మి.మీ., ఒక అంగుళం 25.4 మి.మీ. డీసీ-3 రెక్కలు 95 × 304.8 = 28,956 మి.మీ. పొడవు 64 అడుగుల 5.5 అంగుళాలు, అంటే (64 × 304.8) + (5.5 × 25.4) = 19,647 మి.మీ. అంగుళాలని దశాంశంగా రాసేయడం మాత్రం చేయకండి. 64 అడుగుల దగ్గర ఆ తేడా పెద్దగా కనపడదు గానీ, 1 అడుగు 11 అంగుళాల ముక్కని 1.11 అడుగులు అనుకుంటే 584 మి.మీ. రావాల్సింది 338 దగ్గర ఆగుతుంది.

స్కేలు ఎంచుకునేది కాగితాన్ని బట్టి

అలవాటుగా వాడే స్కేళ్లు కొన్ని ఉన్నాయి. పోలండ్ కాగితపు మోడళ్లలో 1:33 ఆనవాయితీ, ప్లాస్టిక్ కిట్లవాళ్లకి 1:72, 1:48, పెద్ద విమానాలకి 1:144. అంగుళాల లెక్కల్లోంచి వచ్చినవే చాలావరకు: 1:72 అంటే ఆరడుగులకి ఒక అంగుళం, 1:48 అంటే నాలుగడుగులకి ఒకటి. ఇవే వాడాలని రూలేం లేదు. పక్కన పెట్టుకునే మోడళ్లు ఉంటే వాటితో కలవడం కోసం, అంతే.

28,956ని స్కేలుతో భాగిస్తే డకోటా రెక్కలు 1:33లో 877.5 మి.మీ., 1:50లో 579.1, 1:72లో 402.2, 1:100లో 289.6, 1:144లో 201.1. పొడవు ఇదే వరుసలో 595.4, 392.9, 272.9, 196.5, 136.4.

ఇప్పుడు కాగితం వైపు నుంచి చూడండి. ఏ4 షీటు 210 × 297. ప్రింటర్ నాలుగు వైపులా వదిలే అంచు తీసేస్తే మన చేతికి దక్కేది సుమారు 200 × 287. 1:72లో ఒక్కో రెక్క 201 మి.మీ., షీటు పొడవునా హాయిగా పడుతుంది. 1:50లో ఒక్కో రెక్క 289.6, రెండున్నర మిల్లీమీటర్లతో తప్పిపోయింది! అయినా 1:50ని వదిలేయక్కర్లేదు. నిజం డకోటాలోనే రెక్క ఒకే ముక్క కాదు. ఇంజన్లు మోసే మధ్య భాగం ఒకటి, దానికి ఇంజన్ల అవతల బోల్టులతో బిగించే బయటి రెక్కలు రెండు. ఆ అతుకు గీత విమానం మీద కనపడుతుంది కూడా. మన కాగితాన్ని సరిగ్గా అక్కడే కోస్తే అతుకు దాచాల్సిన పనే లేదు. కాగితం చాలని ప్రతిచోటా ఈ చిట్కా పనికొస్తుంది: ముందు నిజం విమానంలో రేకుల అతుకులు ఎక్కడున్నాయో వెతకండి, కోత అక్కడ పెట్టండి.

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 చేయాలని ఎవరికైనా ఆశ ఉంటే, దాని రెక్కలు సుమారు 50 మీటర్లు. 1:33లో మీటరున్నర, ఇంట్లో పెట్టుకోవడానికి గది వెతుక్కోవాలి. 1:144లో 347 మి.మీ., అదే దానికి తగిన స్కేలు. మిగ్-21కి ఇందుకు ఉల్టా: రెక్కలు 7.154 మీటర్లే కాబట్టి 1:33లో 216.8 మి.మీ., చేతికి సరిపోయే బొమ్మ.

కాగితం మందం కూడా చూసుకోండి. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) షీటు దాదాపు 0.25 మి.మీ. ఉంటుంది, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. 1:72లో అది నిజంలో 18 మి.మీ. మందం రేకుతో సమానం, 1:144కి వెళ్తే 36. స్కేలు చిన్నదయ్యేకొద్దీ రెక్కల వెనక అంచులు, తోక పలకలు మొద్దుగా కనపడేది అందుకే. నా మటుకు డకోటా సైజు విమానానికి మొదటిసారి 1:72 బాగుంటుంది. 1:144 తేలిక అనుకుంటారు గానీ కాదు, చేతివేళ్లకి అది నరకం.

మందం ఎలా తెలుస్తుందంటే, అదే కాగితం నలభై ముక్కలు దొంతర పెట్టి, గట్టిగా నొక్కి, స్కేలుతో కొలిచి నలభైతో భాగించండి. వర్నియర్ ఉంటే మరీ మంచిది.

డ్రాయింగ్ అసలు స్కేలు పట్టుకోవడం

పైనుంచి, పక్కనుంచి, ఎదురుగా గీసిన త్రీవ్యూ డ్రాయింగ్ ఒకటి సంపాదించండి. దాని మీద ఏ స్కేలు రాసుందో పట్టించుకోకండి. ఎన్నిసార్లు స్కాన్ అయిందో, ఎన్నిసార్లు సైజు మారిందో దేవుడికే తెలియాలి.

ప్రింట్ తీసి రెక్కలు కొలవండి. 181 మి.మీ. వచ్చిందనుకుందాం. 28,956 ÷ 181 = 160, అంటే మీ చేతిలో ఉన్న డ్రాయింగ్ 1:160. ఇప్పుడు పొడవు కొలవండి. 122.8 రావాలి (19,647 ÷ 160). 122.5 వచ్చినా 123.2 వచ్చినా బాధ లేదు. 125 వస్తే మాత్రం ఆగాలి: 19,647 ÷ 125 అంటే 1:157, రెక్కల వైపు 1:160. దాదాపు రెండు శాతం తేడా ఉందంటే స్కానింగ్‌లో ఒక వైపు సాగి ఉండొచ్చు, లేదా డ్రాయింగ్ వేరే రకం విమానానిది అయ్యుండొచ్చు. సాగిందో లేదో చూడ్డానికి సులువైన దారి చక్రాలు. పక్క నుంచి గీసిన బొమ్మలో చక్రం అడ్డంగా, నిలువుగా ఒకే కొలత ఉండాలి. కోడిగుడ్డులా ఉంటే సాగినట్టే, కంప్యూటర్‌లో ఆ వైపు మాత్రమే రెండు శాతం కుదించి మళ్లీ కొలవండి. చక్రం గుండ్రంగానే ఉండి పొడవు కలవకపోతే ఆ డ్రాయింగ్ పక్కన పడేసి ఇంకోటి వెతుక్కోవడం మేలు. ఒక శాతం లోపు తేడాలకి మాత్రం టెన్షన్ పడొద్దు.

ఇక గుణకం. డ్రాయింగ్ 1:160, మనకి కావాల్సింది 1:72. 160 ÷ 72 = 2.222. డ్రాయింగ్ మీద ఏది కొలిచినా దీంతో గుణిస్తే మోడల్ కొలత వచ్చేస్తుంది. అసలు విమానం కొలతకి వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సిన పని లేదు. బాడీ వెడల్పు డ్రాయింగ్‌లో 16 మి.మీ. ఉంటే మోడల్‌లో 35.6.

ఒక్క విషయం గుర్తుంచుకోండి, కొలవడంలో అర మిల్లీమీటరు పొరపాటు కూడా 2.222తో గుణించబడుతుంది, 1.1 అయి కూర్చుంటుంది. అందుకే దొరికినంతలో పెద్ద డ్రాయింగ్ తీసుకోవాలి, గీత మధ్య నుంచి గీత మధ్యకి కొలవాలి. ఇంకా మంచిది కంప్యూటర్‌లోనే కొలవడం. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర ఒక మి.మీ.కి 11.81 పిక్సెళ్లు. మనకి రెక్కలు 402.2 మి.మీ. కావాలి కాబట్టి 402.2 × 11.81, దాదాపు 4,750 పిక్సెళ్లు. బొమ్మలో రెక్క కొస నుంచి కొసకి సరిగ్గా అన్ని పిక్సెళ్లు వచ్చేలా పెంచేస్తే ఇక గుణకంతో పనే లేదు, తెర మీద కొలిచిందే మోడల్ కొలత. ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అయితే నేరుగా మిల్లీమీటర్లలోనే పెట్టుకోవచ్చు, పొడవు వెడల్పులు కలిపి తాళం వేసే బొత్తాం నొక్కడం మర్చిపోకండి.

బాడీ: అసలు పని ఇక్కడుంది

పక్క బొమ్మ మీద బాడీని అడ్డంగా కోసే గీతలు పెట్టుకోవాలి. ఎన్ని గీతలు? దానికో పద్ధతి ఉంది. రెండు గీతల మధ్య బాడీ అంచు మీద స్కేలు బద్ద ఆనించి చూడండి. అంచు బద్ద కన్నా అర మిల్లీమీటరు మించి బయటికి ఉబ్బితే (మోడల్ కొలతలో) మధ్యలో ఇంకో గీత కావాలి. లేకపోతే అక్కర్లేదు. డకోటాలో కిటికీల భాగం దాదాపు ఒకే గొట్టం, ముక్కు దగ్గర మాత్రం గీతలు దగ్గర దగ్గరగా పడతాయి, తోక వైపు మళ్లీ దూరం అవుతాయి.

గొట్టం ముక్కతో మొదలుపెడదాం. బయటి వ్యాసం 35.6 రావాలి, కాగితం 0.25. చుట్టుకొలత 35.6 × 3.1416 = 111.8 అని కోసేస్తే తప్పు. కాగితాన్ని చుట్టినప్పుడు బయటి పొర సాగుతుంది, లోపలి పొర నలుగుతుంది, మారకుండా ఉండేది మందం మధ్యలో ఉన్న పొర. కాబట్టి బయటి వ్యాసంలోంచి ఒక మందం తీసేసి లెక్కగట్టాలి: (35.6 − 0.25) × 3.1416 = 111.06. తేడా 0.8 మి.మీ. ఒక్క ముక్కకే అయితే పర్లేదు గానీ, దీని లోపల పక్క ముక్కతో కలిపే అతుకు పట్టీ, దాని లోపల గుండ్రం చెడకుండా నిలబెట్టే అట్ట బిళ్ల వస్తాయి, ప్రతి పొరకీ తప్పు పెరుగుతుంది.

లోపలి అతుకు పట్టీకి మూడు మందాలు తీసేయాలి: (35.6 − 0.75) × 3.1416 = 109.5. ఎందుకు మూడంటే, బయటి కాగితం రెండు పక్కలా కలిపి రెండు మందాలు తినేస్తుంది, పట్టీ తన మధ్య పొర కోసం ఇంకొకటి. లోపల పెట్టే గుండ్రటి అట్ట బిళ్ల వ్యాసం పట్టీ లేనిచోట 35.6 − 0.5 = 35.1, పట్టీ ఉన్నచోట 35.6 − 1.0 = 34.6. బిళ్ల బిగుతుగా ఉంటే కాగితం మీద పక్కటెముకల్లా గీతలు తేలతాయి, ఆకలితో ఉన్న ఆవులా కనపడుతుంది విమానం. కాబట్టి ఇంకో 0.1 తగ్గించి కోసినా నష్టం లేదు.

సన్నబడే ముక్కలకి శంకువు లెక్క. పల్లీల పొట్లం విప్పి పరిస్తే విసనకర్ర ఆకారం వస్తుంది కదా, దాని కొస కోసేస్తే మనకి కావాల్సిన ముక్క అదే. పెద్ద వ్యాసం 30, చిన్న వ్యాసం 20, మధ్య దూరం 40 మి.మీ. అనుకోండి (మందం తీసేసిన వ్యాసాలే వాడాలి). ముందు ఏటవాలు పొడవు: వ్యాసాల తేడాలో సగం 5, దాని వర్గం 25, దూరం వర్గం 1600, కలిపితే 1625, వర్గమూలం 40.31. తర్వాత బయటి వ్యాసార్ధం: ఏటవాలు పొడవు × పెద్ద వ్యాసం ÷ వ్యాసాల తేడా, అంటే 40.31 × 30 ÷ 10 = 120.9. లోపలి వ్యాసార్ధం 120.9 − 40.3 = 80.6. కోణం: 180 × పెద్ద వ్యాసం ÷ బయటి వ్యాసార్ధం, 180 × 30 ÷ 120.9 = 44.7 డిగ్రీలు. ఒకే కేంద్రం నుంచి కంపాస్‌తో 120.9, 80.6 చాపాలు గీసి, 44.7 డిగ్రీల దగ్గర రెండు పక్కలా కోస్తే ముక్క తయారు. సరిచూసుకోవాలంటే బయటి చాపం పొడవు 30 × 3.1416 = 94.2 రావాలి. వ్యాసాల తేడా మరీ తక్కువైతే, ఒకటి రెండు మిల్లీమీటర్లు, బయటి వ్యాసార్ధం ఏ మీటరుకో వెళ్లిపోతుంది, ఇంట్లో కంపాస్‌కి అందదు. అప్పుడు కంప్యూటర్‌లో గీయడమే దారి.

తోక దగ్గర ఇది పూర్తిగా పనిచేయదని చెప్పాలి. అక్కడ పై గీత, కింది గీత ఒకేలా వాలవు, శంకువు ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. అలాంటప్పుడు రెండు చివర్ల వలయాలనీ పన్నెండు సమాన భాగాలు చేసి, ఎదురెదురు బిందువుల మధ్య నిజమైన దూరం కట్టాలి: పక్క బొమ్మలోంచి పొడవు తేడా, ఎత్తు తేడా, పై బొమ్మలోంచి వెడల్పు తేడా, మూడింటి వర్గాలు కలిపి వర్గమూలం. ఒక బిందువు నుంచి అవతలి వలయంలో దాని పక్క బిందువుకి గీసే ఐమూల గీతలకి కూడా ఇదే. తర్వాత ఆ త్రిభుజాలని ఒకదాని పక్కన ఒకటి కంపాస్‌తో పరుచుకుంటూ పోతే ముక్క ఆకారం వస్తుంది. బాడీకి అటూ ఇటూ ఒకేలా ఉంటుంది కాబట్టి సగం చేస్తే చాలు, మిగతా సగం అద్దంలో బొమ్మ. చేత్తో చేస్తే ఒక సాయంత్రం పడుతుంది. ఓపిక లేనివాళ్లకి పెపకురా అనే సాఫ్ట్‌వేర్ ఉంది, బ్లెండర్‌లో పేపర్ మోడల్ యాడాన్ ఉంది, త్రీడీ బొమ్మ ఇస్తే అవే విప్పి పరుస్తాయి. కానీ కాగితం మందం అవి పట్టించుకోవు, పైన చెప్పిన తీసివేతలు మీరే చేయాలి.

బాడీ గుండ్రంగా కాకుండా కోలగా ఉంటే చుట్టుకొలతకి మన రామానుజన్ 1914లో ఇచ్చిన సూత్రం ఉంది. సగం ఎత్తుని 'క', సగం వెడల్పుని 'చ' అనుకుంటే, రెండూ కూడి మూడుతో గుణించి ఒకచోట రాసుకోండి. (మూడింతల క + చ), (క + మూడింతల చ) ఈ రెంటినీ గుణించి వర్గమూలం తీసి, మొదటి దాంట్లోంచి తీసేసి, 3.1416తో గుణించండి. ఎత్తు 40, వెడల్పు 36 ఉన్న బాడీకి 119.46 వస్తుంది. ఉత్తినే సగటు వ్యాసం 38 తీసుకుని గుణించినా 119.38 వస్తుంది! డకోటా లాంటివాటికి సగటు చాలు. ఎత్తు 40, వెడల్పు 20 ఉన్న ముక్కకైతే సూత్రం 96.9 ఇస్తుంది, సగటు 94.2 దగ్గరే ఆగుతుంది, అక్కడ రామానుజన్ కావాల్సిందే.

రెక్కలు

పై నుంచి చూసిన బొమ్మలో రెక్క కొలత సూటిగా తీసేసుకోవచ్చు, రెండు సవరణలతో.

మొదటిది పై ఉబ్బు. కాగితం రెక్క ముందు అంచు దగ్గర మడతపడి పైన వంపు తిరుగుతుంది కాబట్టి పై ముక్క కింది ముక్క కన్నా వెడల్పు ఉండాలి. రెక్క వెడల్పు 60 మి.మీ., పై వంపు ఎత్తు 4.8 మి.మీ. అనుకుంటే: ఎత్తు వర్గం × 8, దాన్ని వెడల్పుకి మూడింతలతో భాగించండి. 4.8 × 4.8 × 8 ÷ 180 = 1.02. అంటే పై ముక్క 61 మి.మీ. ఈ ఒక్క మిల్లీమీటరు ఇవ్వకపోతే రెక్క వంపు తిరగదు, లేదా వెనక అంచులు కలవవు. రెక్క మొదట్లో, కొసలో విడివిడిగా లెక్కగట్టి మధ్యలో తిన్నటి గీత కలిపేయండి. మొత్తం ముక్క వెడల్పు 61 + 60 + అతుకు అంచు 5, దాదాపు 126. రెక్క కొస సన్నం కాబట్టి ఒక షీటులో రెండు రెక్కలు తలకిందులుగా ఇరికించొచ్చు, ప్రయత్నించి చూడండి.

రెండోది, రెక్కలు పైకి లేచి ఉండటం. డకోటా బయటి రెక్కలు 5 డిగ్రీలు పైకి లేస్తాయి, పై నుంచి చూస్తే ఆ మేరకు పొట్టిగా కనపడతాయి. 148 మి.మీ. ముక్కని 0.9962తో భాగిస్తే 148.6. అర మిల్లీమీటరు, వదిలేసినా ఎవరూ అడగరు. 10 డిగ్రీలు దాటిన విమానాలకి మాత్రం వదలకండి.

వాలు రెక్కలున్న విమానాల్లో ఇంకోటి: రెక్కల కొలత అంటే బాడీకి అడ్డంగా కొలిచేది, ముందు అంచు వెంబడి కాదు. మిగ్-21 ముందు అంచు 57 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, అంచు వెంబడి కొలిస్తే దాదాపు రెట్టింపు వస్తుంది.

చిన్న ముక్కలు

చక్రాలకి వ్యాసం డ్రాయింగ్‌లోంచి, మందానికి బిళ్లల దొంతర. 6 మి.మీ. మందం చక్రానికి 1 మి.మీ. అట్ట బిళ్లలు ఆరు. పాత శుభలేఖల అట్ట బాగా పనికొస్తుంది, మందం మాత్రం కొలుచుకోండి. యాంటెనాలు, పీటో గొట్టాలు స్కేలు ప్రకారం చేయాలంటే వెంట్రుక అవుతుంది, కంటికి బాగున్నంత మందం పెట్టేయండి. తలుపులు, కిటికీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి ఒక మనిషి బొమ్మ కోసి పక్కన నిలబెట్టండి: 1,700 మి.మీ. మనిషి 1:72లో 23.6 మి.మీ. తలుపులోంచి వాడు దూరలేకపోతే ఎక్కడో లెక్క తప్పింది.

ఉన్న కిట్ సైజు మార్చాలంటే

పాత స్కేలుని కొత్త స్కేలుతో భాగించి నూరుతో గుణించడమే. 1:33 కిట్‌ని 1:50 చేయాలంటే 66 శాతం, 1:72 చేయాలంటే 45.8 శాతం. 1:72ని 1:50కి పెంచాలంటే 144 శాతం. విస్తీర్ణం ఇదే లెక్కన తగ్గదు, 66 శాతానికి కుదిస్తే షీటు మీద పట్టే చోటు 43.6 శాతమే, కాబట్టి ముక్కలన్నీ మళ్లీ సర్దితే కాగితం సగానికి పైగా మిగులుతుంది.

కానీ కాగితం మందం కుదించబడదు. 1 మి.మీ. అట్ట కోసం గీసిన గాడి 0.66 అయిపోతుంది, మీ అట్ట ఇంకా 1 మి.మీ.నే. 0.66కి దగ్గరి అట్ట వెతుక్కోండి, లేదా గాళ్లన్నీ చేత్తో మళ్లీ వెడల్పు చేయండి. పై కాగితం కూడా అంతే: 160 జీఎస్ఎంకి వేసిన కిట్‌ని 66 శాతానికి దించితే 100, 120 దగ్గరికి రావాలి. 45 శాతానికి దించాక ఇంకా అట్ట బిళ్లల మీద ఆధారపడకండి, చాలావాటిని తీసేసి అతుకు పట్టీలతోనే నిలబెట్టొచ్చు.

ప్రింట్

ప్రతి షీటు మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 100 మి.మీ. గీతలు గీయండి. ఇది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దు. జిరాక్స్ షాపులో ఫైల్ తెరవగానే 'ఫిట్ టు పేజ్' అని ఉంటుంది, అతను అలవాటుగా నొక్కేస్తాడు. 100 గీత 97 వచ్చిందనుకోండి, మీ 1:72 కాస్తా 1:74 అయిపోతుంది. అన్ని షీట్లూ ఒకేలా తగ్గితే పర్లేదు, బొమ్మ కాస్త చిన్నది, అంతే. సగం షీట్లు ఈరోజు, సగం రేపు, వేరే సెట్టింగ్‌లో తీస్తేనే కొంప మునిగేది. 'యాక్చువల్ సైజ్' లేదా 100 శాతం అని నోటితో చెప్పి, మొదటి షీటు అక్కడే కౌంటర్ మీద స్కేలుతో కొలిచి, తర్వాతే మిగతావి తీయించండి. అమెరికావాళ్ల ఫైళ్లు లెటర్ సైజు, 215.9 × 279.4. ఏ4లో 'ఫిట్' చేస్తే 97.3 శాతానికి పడిపోతాయి. ఏ4ని ఏ3కి పెంచాలంటే 141.4 శాతం, ఏ3లో డకోటా రెండు రెక్కలూ ఒకే ముక్కగా 402 మి.మీ. పడతాయి, అంచులు మరీ ఎక్కువ వదిలే ప్రింటర్ కాకపోతే.

కాగితానికి పోగు దిశ కూడా ఉంటుంది. ఒక వైపు సులువుగా చుట్టుకుంటుంది, ఇంకో వైపు మొరాయించి విరుగుతుంది. బాడీ గొట్టం చుట్టే దిశ సులువైన వైపు వచ్చేలా ముక్కల్ని షీటు మీద తిప్పి పెట్టుకుని అప్పుడు ప్రింట్ ఇవ్వండి.

రంగుల ప్రింట్ తీసే ముందు, రంగుల్లేకుండా ఉత్త గీతలతో ఒక తెల్ల మోడల్ అతికించి చూడండి, కానీ అసలు దానికి వాడే కాగితం మీదే. పల్చటి కాగితం మీద సరిపోయిన వలయం 200 జీఎస్ఎం మీద సరిపోదు, మనం తీసేసిన మందాలన్నీ ఆ కాగితానివి. ఎక్కడ ఎంత మిగిలింది, ఎంత తగ్గింది పెన్సిల్‌తో ఆ ముక్క మీదే రాసుకుని డ్రాయింగ్‌లో దిద్దండి. షీటు మూలన విమానం రకం, స్కేలు, కాగితం మందం, ప్రింట్ శాతం రాసి పెట్టుకుంటే, ఆర్నెల్ల తర్వాత విరిగిన రెక్క ఒక్కటే మళ్లీ ప్రింట్ తీయాల్సి వచ్చినా సైజు తేడా రాదు.